మోన్ సాన్ మిషెల్: గోడ మీదుగా ఎక్కి, వీధి మీదుగా దిగండి

ఫ్రాన్స్‌కు వచ్చే మనవాళ్లలో చాలామంది మోన్ సాన్ మిషెల్‌ను హడావిడిగా చూస్తారు. పారిస్‌లో తెల్లవారుజామున బస్సెక్కి, మధ్యాహ్నానికి అక్కడ దిగి, గుంపుతో పాటు పెద్ద వీధిలోకి తోసుకుపోతారు. రెండువైపులా అయస్కాంత బొమ్మల దుకాణాలు, బిస్కెట్ డబ్బాలు. మెట్లెక్కి మఠం చేరేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. లోపల గదులన్నీ ఒకేలా కనిపిస్తాయి. సాయంత్రం బస్సుకు టైమవుతోందని వెనక్కి పరుగు. తర్వాత ఎవరైనా ఎలా ఉందని అడిగితే "బాగుంది, కానీ జనం ఎక్కువ" అంటారు.

తప్పు ఊరిది కాదు, నడిచిన వరుసది. నార్మండీ తీరాన ఇసుక మేటల మధ్య లేచిన ఈ రాతిదిబ్బ చుట్టుకొలత కిలోమీటరు కూడా లేదు. ఇక్కడ ఉన్నవి మూడే: కోట గోడ, మఠం, వీధి. మఠం కోసం యాత్రికులు వచ్చారు, యాత్రికుల కోసం వీధి పుట్టింది, రెండింటినీ కాపాడడానికి గోడ లేచింది. ముందు గోడ మీద నడిచి, తర్వాత మఠం చూసి, చివర్లో వీధిలోకి దిగితే అన్నీ అర్థమవుతాయి. వీధితో మొదలుపెడితే దుకాణాలు మిగులుతాయి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది. తాపీగా నడిస్తే అయిదు గంటలు పడుతుంది.

వెళ్లే రోజు ఎలా ఎంచుకోవాలి

హోటల్ కన్నా, రైలు కన్నా ముందు చూడాల్సింది సముద్రపు పోటు పట్టిక. ఈ అఖాతంలో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం తేడా పెద్ద పోట్ల రోజుల్లో దాదాపు 14 మీటర్లు. ఆటు వేళ సముద్రం సుమారు 15 కిలోమీటర్ల దూరం వెనక్కి పోతుంది. కనుచూపు మేర ఇసుకే. పోటు వేళ అదే నీరు తిరిగి వచ్చి గోడ మొదలును తాకుతుంది.

ఫ్రెంచివాళ్లు ప్రతి పోటుకూ 20 నుంచి 120 మధ్య ఒక అంకె ఇస్తారు. ఊరి పర్యాటక కార్యాలయం ఏడాది పొడవునా తేదీలు, వేళలతో ఈ పట్టికను ప్రకటిస్తుంది. అంకె 90 దాటిన రోజున నీళ్లు చుట్టుముట్టడం కనిపిస్తుంది. 110 దాటితే కాసేపు రాకపోకలు ఆగి ఊరు నిజంగానే ద్వీపమవుతుంది. 60, 70 అంకెల రోజున వెళ్లి సముద్రం ఏదని వెతకడం వృథా.

మన పంచాంగం ఇక్కడా పనికొస్తుంది. పెద్ద పోట్లు అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు వస్తాయి. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు నెలల్లో వచ్చేవి అన్నిటికన్నా పెద్దవి. అంటే ఉగాది ముందటి అమావాస్య మార్చి ఇరవై ప్రాంతాల్లో పడిన ఏడాది, ఇక్కడ కొత్త సంవత్సరం పెద్ద పోటుతో మొదలవుతుందన్నమాట. అటువైపు మహాలయ అమావాస్య కూడా అంతే. సరైన వేళ మాత్రం పట్టికలోనే చూసుకోండి. పోటు గరిష్ఠమయ్యే సమయానికి రెండు గంటల ముందే గోడ మీద ఉండాలి. నీరు రావడం చూడడమే అసలు వేడుక, వచ్చాక చూడడం కాదు.

జనవరి 1, మే 1, డిసెంబరు 25 తేదీల్లో మఠం మూసి ఉంటుంది. ఊళ్లోకి, గోడ మీదికి వెళ్లడానికి టికెట్టు లేదు. టికెట్టు మఠానికే. ప్రవేశ సమయంతో సహా ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. పొద్దున తెరిచిన వెంటనే, లేదంటే సాయంత్రం నాలుగు దాటాక తీసుకోండి. పదకొండు నుంచి నాలుగు వరకు ఆ మెట్ల మీద నిలబడడానికి చోటుండదు. ఏటా పాతిక లక్షల మందికి పైగా వచ్చే ఊరు ఇది. మూసే వేళకు గంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు, అది గుర్తుంచుకుని సాయంత్రపు టికెట్టు కొనండి.

చేరుకోవడం

పారిస్ నుంచి సుమారు 360 కిలోమీటర్లు. మోన్‌పర్నాస్ స్టేషన్‌లో వేగపు రైలెక్కితే గంటన్నరలో రెన్ నగరం. అక్కడి నుంచి గంటా పావు బస్సు. ఇది కాకపోతే పోన్‌టోర్సన్ అనే చిన్న స్టేషన్‌లో దిగవచ్చు, అక్కడి నుంచి తొమ్మిదీ పది కిలోమీటర్లే. కాని ఆ రైళ్లు తక్కువ. తిరుగు ప్రయాణపు ఆఖరి బస్సు వేళ రాసుకున్నాకే ఊళ్లో అడుగు పెట్టండి.

పెద్ద పెట్టెలతో రావద్దు. మఠంలోకి వాటిని రానివ్వరు, ఊరంతా మెట్లే. చంటిపిల్లలుంటే తోపుడు బండి కాకుండా వీపుకు కట్టుకునే సంచీ తెచ్చుకోండి. మఠం గుమ్మం దాకా సుమారు 350 మెట్లు ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకొస్తే గోడ మీది బురుజు దగ్గర కూర్చోబెట్టండి. అక్కడి దృశ్యం వాళ్లకు చాలు.

మొదటి అడుగు: వంతెన

కార్లూ బస్సులూ రెండున్నర కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోతాయి. అక్కడి నుంచి ఉచిత బస్సు ఉంది, గుర్రపు బండి ఉంది, కాళ్లూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు నడవండి, వచ్చేటప్పుడు బస్సెక్కండి. నలభై నిమిషాల నడకలో మఠం శిఖరం ముందు వేలంత కనిపించి, మెల్లగా ఆకాశాన్ని ఆక్రమిస్తుంది. మధ్యయుగపు యాత్రికుడికి దక్కింది ఆ అనుభవమే. బస్సు కిటికీలోంచి అది దొరకదు.

దారిలో క్వెనోన్ నది మీద ఒక ఆనకట్ట వస్తుంది. దాని ముందు ఒక్క నిమిషం ఆగండి. 1879లో ఊరికి రాకపోకల కోసం సముద్రంలోకి మట్టికట్ట పోశారు. ఆ కట్ట నీటి కదలికకు అడ్డుపడింది. నది ఈడ్చుకుపోవాల్సిన ఒండ్రు పేరుకుపోయి, కొన్నేళ్లు పోతే ద్వీపం కాస్తా పచ్చికబయళ్ల మధ్య గుట్టగా మారిపోయేలా ఉండింది. అందుకే 2009లో ఈ ఆనకట్ట కట్టారు. పోటు నీటిని లోపలికి రానిచ్చి, పట్టి ఉంచి, ఆటు వేళ ఒక్కసారిగా వదులుతుంది. ఆ ఉరవడికి ఒండ్రు సముద్రంలోకి కొట్టుకుపోతుంది. పాత కట్టను తవ్వేసి, ఆస్ట్రియాలో పుట్టిన వాస్తుశిల్పి డీట్మార్ ఫైక్టింగర్ గీసిన సన్నకాళ్ల వంతెన వేశారు. 2014లో జనానికి తెరిచారు. నీరు దాని కింద నుంచి స్వేచ్ఛగా పారుతుంది. వంతెన కాస్త వంపు తిరిగి ఉండడం వల్ల నడుస్తున్నంతసేపూ కొండ కోణం మారుతూ ఉంటుంది. ఫొటోలు తీసుకోవాలంటే ఊళ్లో కాదు, ఇక్కడే.

రెండో అడుగు: మూడు ద్వారాలు

ఊరి ముఖద్వారం ఒకటి కాదు, వరుసగా మూడు. మొదటిది చిన్నది, పక్కవాటుగా ఉంటుంది. అది దాటగానే ముంగిలిలాంటి చోట రెండు పాత ఇనుప ఫిరంగులు కనిపిస్తాయి. నూరేళ్ల యుద్ధంలో నార్మండీ అంతా ఇంగ్లిష్ రాజు చేతిలోకి పోయినా ఈ దిబ్బ లొంగలేదు. 1434లో పెద్ద దాడి చేసి విఫలమైన ఇంగ్లిష్ సైన్యం వదిలి వెళ్లినవని చెప్పే ఫిరంగులివి. దగ్గరికి వెళ్లి చూడండి. ఇవి పోత పోసినవి కావు. ఇనుప పట్టీలను పీపా చెక్కల్లా పక్కపక్కన పేర్చి, చుట్టూ ఇనుప కట్లు బిగించారు.

మూడోది రాజద్వారం. ముందు ఎత్తుడు వంతెన, పైనుంచి దిగే ఇనుప జాలి తలుపు ఉన్న అసలైన కోట ద్వారం. దీని పైనున్న ఇంట్లోనే ఇప్పుడు ఊరి పురపాలక కార్యాలయం ఉంది. స్థిరంగా కాపురమున్నవాళ్లు, మఠంలోని సన్యాసులూ సన్యాసినులతో కలిపి, 30 మందికి అటూ ఇటూ ఉండే ఊరికి అది చాలు.

ఇక్కడే అసలు మలుపు. రాజద్వారం దాటగానే జనమంతా నేరుగా పెద్ద వీధిలోకి వెళ్తారు. మీరు వెళ్లకండి. కుడివైపు గోడ మీదికి మెట్లుంటాయి. ఎక్కేయండి.

మూడో అడుగు: గోడ మీద

మెట్లెక్కగానే సందడి కిందుండిపోతుంది. ఎడమ పక్క ఇళ్ల పలకరాతి కప్పులు, పెరళ్లు, పొగగొట్టాలు. కుడి పక్క ఖాళీ ఆకాశం, ఇసుక. గోడ తూర్పు అంచున బురుజు నుంచి బురుజుకు సాగుతూ ఎత్తుకు పోతుంది.

ఈ గోడ వెనక ఒక విచిత్రమైన కథ ఉంది. ఊరి చుట్టూ ఉన్న ఈ ప్రాకారంలో ఎక్కువ భాగాన్ని 15వ శతాబ్దం తొలినాళ్లలో కట్టించింది రోబేర్ జోలివే అనే మఠాధిపతి. ఇంగ్లిష్‌వాళ్లు వస్తున్నారని తెలిసి డబ్బు సమకూర్చి, నీళ్ల తొట్టి తవ్వించి, గోడ లేపాడు. ఆ తర్వాత 1420లో తానే వెళ్లి ఇంగ్లిష్‌వాళ్ల పక్షాన చేరిపోయాడు. ఊరు మాత్రం చేరలేదు. అధిపతి అటు, ఆయన సన్యాసులు ఇటు. ఆయన కట్టించిన గోడే ఆయన కొత్త యజమానులను లోపలికి రానివ్వలేదు. తర్వాత ఇక్కడి సేనాధిపతిగా వచ్చిన లూయీ దెస్తూత్‌విల్ గోడను మరింత పటిష్ఠం చేశాడు.

నడుస్తూ బురుజుల ఆకారం గమనించండి. కొన్ని గుండ్రంగా, పాత పద్ధతిలో ఉంటాయి. మధ్యలో బూకుల్ బురుజు ముందుకు పొడుచుకొచ్చి కోణాకారంగా ఉంటుంది. ఫిరంగులు వచ్చాక గుండ్రటి బురుజు కింద రక్షకుల కంటపడని చాటు మిగిలిపోతోందని ఇంజనీర్లు గ్రహించారు. మొనదేలిన ఆకారమైతే రెండు పక్కల గోడ నుంచీ దాని పాదం కనిపిస్తుంది. తర్వాత యూరప్ అంతటా కోటలను మార్చేసిన ఆ ఆలోచన 15వ శతాబ్దంలోనే ఇక్కడ రాతిలో కనిపిస్తుంది. చాలామంది దీన్ని పట్టించుకోకుండా దాటిపోతారు.

చివరన ఉత్తరపు బురుజు. గోడ మీద అన్నిటికన్నా ఎత్తైన చోటు. పోటు చూడాలంటే ఇదే స్థలం. ఉత్తరాన సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఇసుకలో తాబేలు వీపులాంటి దిబ్బ తొంబ్లేన్. ఇంగ్లిష్ సైన్యం అక్కడ కోట కట్టుకుని ఏళ్ల తరబడి ఈ గోడ వంక చూస్తూ కూర్చుంది. ఇప్పుడు అక్కడ పక్షులే ఉంటాయి.

పోటు వచ్చే తీరు ఇలా ఉంటుంది. మొదట దూరాన ఒక తెల్లటి గీత. తర్వాత ఇసుకలోని పల్లాలు వాటంతటవే నిండుతాయి. నీరు ఎదురుగా రాదు. పక్కల నుంచి, వెనక నుంచి వస్తుంది. ఒంటరిగా ఇసుక మీద నడిచేవాళ్లు చిక్కుకుపోయేది అందుకే.

ఉత్తరపు బురుజు నుంచి మెట్లు నేరుగా మఠం ద్వారానికి చేరుస్తాయి. జంట బురుజుల మధ్య నుంచి లోపలికి లాగేసుకునే నిటారైన మెట్లదారి ఒకటి వస్తుంది. అది ఎక్కితే టికెట్టు చూపించే కాపలాదార్ల గది.

నాలుగో అడుగు: మఠం

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే, రెండు గంటలు. ముందు కాస్త చరిత్ర కావాలి, అది లేకపోతే గదుల వరుస తల తిప్పేస్తుంది.

708లో అవ్రాంష్ బిషప్ ఓబేర్‌కు మిఖాయేలు ప్రధానదూత కలలో కనిపించి ఈ దిబ్బ మీద తన పేర గుడి కట్టమన్నాడని ఐతిహ్యం. రెండుసార్లు చెప్పినా బిషప్ కదలకపోయేసరికి మూడోసారి వేలితో నెత్తిన పొడిచాడట. 966లో నార్మండీ డ్యూక్ మొదటి రిచర్డ్ ఇక్కడ బెనెడిక్టీన్ సన్యాసులను నిలిపాడు. 1023లో ఇప్పుడున్న ప్రధాన ఆలయానికి పునాది పడింది.

పునాది అన్నానే గాని, సమస్య అంతా అక్కడే. కొండ కొస సూదిగా ఉంది, కట్టాల్సింది ఎనభై మీటర్ల పొడవైన గుడి. కొండను చెక్కి చదును చేయలేదు. కొస చుట్టూ నాలుగు వైపులా నేలమాళిగలు కట్టి, వాటి కప్పుల మీద గుడిని నిలబెట్టారు. కొండ కొస ఇప్పటికీ గుడి నడిమధ్య కింద ఉంది. మఠం మొత్తాన్ని ఈ ఒక్క సంగతితో చదవవచ్చు. పైన ఏది చూసినా, దీని బరువు కింద ఏది మోస్తోందని అడుగుతూ వెళ్లండి. దిగేటప్పుడు జవాబులు ఒక్కొక్కటే ఎదురవుతాయి, ఎందుకంటే సందర్శన మార్గం పైనుంచి కిందికే సాగుతుంది.

*పడమటి తిన్నె.* ఎక్కుడంతా అయ్యాక వచ్చే విశాలమైన ఆరుబయట. జనమంతా అంచుకు పోయి సముద్రం చూస్తారు. మీరు ముందు కాళ్ల కిందికి చూడండి. నేల పలకల మీద అక్కడక్కడ అంకెలు, గుర్తులు చెక్కి ఉంటాయి. రాళ్లు చెక్కినవాళ్లు కూలి లెక్క కోసం పెట్టుకున్న గుర్తులవి. తిన్నె ఇంత పెద్దదిగా ఉండడానికి కారణం వేరు. 1776లో అగ్నిప్రమాదం జరిగాక గుడి ముందుభాగంలో మూడు అంకణాలు తీసేశారు. గుడి కుదించుకుపోగా మిగిలిన స్థలం ఇది. అందుకే గుడి ముఖం లోపలి భాగంతో పొసగదు. అది 1780 నాటి కట్టడం, దాని వెనకున్నది అంతకన్నా ఏడు వందల ఏళ్లు పాతది.

తలెత్తితే శిఖరం, దాని కొసన ఖడ్గమెత్తిన మిఖాయేలు. మధ్యయుగపుదనుకుంటారు అందరూ. నిజానికి శిఖరమూ విగ్రహమూ 1897 నాటివి. శిఖరం విక్తోర్ పెతిగ్రాన్‌ది, విగ్రహం ఎమాన్యుయెల్ ఫ్రెమియేది. 2016లో హెలికాప్టర్‌తో దింపి, కొత్తగా బంగారు పూత పూసి, మళ్లీ హెలికాప్టర్‌తోనే నిలబెట్టారు.

*గుడి లోపల.* నడవ ఒక పద్ధతి, గర్భాలయం వైపు మరో పద్ధతి. నడవలో బరువైన అర్ధవృత్తపు కమానులు, చెక్క కప్పు. తూర్పు చివర మాత్రం సన్నటి రాతి కాడలు, నిలువెల్లా కిటికీలు, వెలుగు. పాత తూర్పు భాగం 1421లో కూలిపోయింది. యుద్ధం సాగుతుండగా కట్టలేకపోయారు. 1446లో మొదలుపెట్టి 1523కి గాని ముగించలేదు. నడవ ఉత్తర గోడ కూడా 1103లో సన్యాసుల పడకగదుల మీద కూలి, మళ్లీ కట్టినదే. దక్షిణ గోడతో పోల్చి చూడండి, తేడా పట్టేస్తారు.

మధ్యాహ్నపు ప్రార్థనకు కూర్చోవాలంటే కూర్చోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. 2001 నుంచి జెరూసలేం సన్యాస సమాజానికి చెందిన స్త్రీ పురుషులు ఇక్కడ ఉంటున్నారు. సోమవారం తప్ప మిగతా రోజుల్లో ప్రార్థన ఉంటుంది.

*స్తంభాల వసారా.* ఇక్కడి నుంచి మొదలయ్యే ఉత్తర భాగాన్ని 'మెర్వేయ్', అంటే అద్భుతం, అని పిలుస్తారు. 1204లో ఫ్రాన్స్ రాజు ఫిలిప్ ఓగుస్ట్ నార్మండీని గెలుచుకునేటప్పుడు ఆయన తరఫున వచ్చిన బ్రెటన్ సైన్యం ఊరికి నిప్పు పెట్టింది. మఠం కూడా అంటుకుంది. పరిహారంగా రాజు ఇచ్చిన డబ్బుతో 1211 నుంచి 1228 వరకు ఈ మూడంతస్తుల జంట భవనాన్ని లేపారు. నిటారైన కొండ పక్కకు అతికించినట్టుగా, పదిహేడేళ్లలో!

వసారా అన్నిటికన్నా పైఅంతస్తు. నాలుగు పక్కలా సన్నటి స్తంభాలు రెండు వరుసల్లో ఉంటాయి. రెండు వరుసలూ ఎదురెదురుగా ఉండవు. ఒక వరుసలోని స్తంభం రెండో వరుసలోని ఖాళీకి ఎదురుగా నిలుస్తుంది. ఒక మూల నిలబడి నెమ్మదిగా నడవండి, స్తంభాలే కదులుతున్నట్టుంటుంది. కమానుల మధ్య ఖాళీల్లో కాన్ ప్రాంతపు మెత్తటి సున్నపురాయిలో చెక్కిన ఆకులూ తీగలూ ఉన్నాయి. ఏ రెండూ ఒకటి కావు. వంగి చూస్తే ఆకు ఈనె వెనక ఉలి తొలిచిన నల్లటి సందు, ఆకును రాతి నుంచి దాదాపు విడదీసిన చోటు, కనిపిస్తుంది. చివర్లో చూద్దామనుకుంటే కుదరదు. వెనక్కి రానివ్వరు. పడమటి పక్కన ఏమీ లేని శూన్యంలోకి తెరుచుకున్న మూడు వాకిళ్లున్నాయి. అక్కడ కట్టాలనుకున్న సభామందిరం ఎన్నటికీ కట్టలేదు.

*భోజనశాల.* గుమ్మంలో నిలబడితే ఎదుటి గోడకు మాత్రమే కిటికీలున్నట్టు ఉంటుంది, కాని గదంతా వెలుగు. నాలుగడుగులు వేస్తే మర్మం తెలుస్తుంది. పక్క గోడల్లో 59 సన్నటి కిటికీలు లోతైన గూళ్లలో దాక్కుని ఉన్నాయి. పెద్ద కిటికీలు పెడితే కొండ కొసన గోడ బలహీనమవుతుంది. చిన్నవి చాలా పెట్టి గోడ బలాన్నీ వెలుగునూ రెండింటినీ దక్కించుకున్నారు. సన్యాసులు మౌనంగా తింటుంటే దక్షిణ గోడలోని గూటి నుంచి ఒకరు గ్రంథం చదివేవారు.

ఇక్కడి నుంచి కిందికి. భోజనశాల కింద దొరలకూ రాజులకూ ఆతిథ్యమిచ్చిన అతిథి మందిరం, దాని కింద బీద యాత్రికులకు అన్నం పెట్టిన గది. వసారా కింద సన్యాసులు రాతకోతలు సాగించిన మందిరం, దాని కింద సరుకుల కొట్టు. సన్యాసులు పైన, దొరలు నడుమ, పేదలు అడుగున. పైఅంతస్తు కాడల్లాంటి స్తంభాలు, నడుమ నిండు స్తంభాలు, అడుగున లావాటి దిమ్మెలు. ఆనాటి సమాజపు మెట్లనూ బరువు దిగే తీరునూ కట్టినవాళ్లు ఒకే గోడలో పెట్టేశారు.

దారిలో వచ్చే లావుస్తంభాల నేలమాళిగలో ఒక స్తంభాన్ని చేతులు చాచి పట్టుకోబోండి. చుట్టుకొలత దాదాపు అయిదు మీటర్లు, ఒక్కరికి అందదు. పైన చూసిన తూర్పు భాగపు సన్నటి కాడలన్నిటి బరువూ వీటి మీదే ఉంది.

తర్వాత ఒక పెద్ద చెక్క చక్రం. మఠం ఎప్పుడూ మఠంగానే లేదు. ఫ్రెంచి విప్లవంలో సన్యాసులు వెళ్లిపోగా చెరసాలగా మారింది, 1863లో మూడో నెపోలియన్ మూయించేదాకా అలాగే నడిచింది. రాజకీయ ఖైదీలు బ్లాంకీ, బార్బెస్ కూడా ఇక్కడ ఉన్నారు. ఈ చక్రం 1820 ప్రాంతంలో బిగించినది. ఖైదీలు లోపల నడుస్తూ తిప్పితే, కొండ పక్కనున్న ఏటవాలు రాతిదారి మీదుగా సరుకుల బండి పైకొచ్చేది. కిటికీలోంచి ఆ ఏటవాలును కిందికి చూడండి, వాళ్లు లాగిన బరువు తెలుస్తుంది. పాపం, చెరసాల అంటూ తిట్టేవాళ్లు ఒకటి మరిచిపోతారు. వాడుకలో ఉండబట్టే ఈ గోడలు మిగిలాయి. విప్లవం తర్వాత చాలా మఠాలను రాళ్ల కోసం కూల్చేశారు.

అన్నిటికన్నా పాతదైన 10వ శతాబ్దపు భూగర్భ మేరీమాత గుడి మామూలు దారిలో రాదు. గైడుతో వెళ్లే సందర్శనల్లో మాత్రమే తెరుస్తారు. వీలుంటే ముందే అడిగి పెట్టుకోండి.

అయిదో అడుగు: వీధిలోకి

బయటికొచ్చాక ఇప్పుడు పెద్ద వీధి దారి పట్టండి. దిగేవాడికి జనం ఎదురుగా వస్తారు గాని మోకాళ్లు బతికిపోతాయి. దుకాణాలను చూసి ముఖం చిట్లించనక్కర్లేదు. మన కొండ గుళ్ల మెట్లదారిలో కుంకుమ, బొమ్మలు అమ్మినట్టే ఇక్కడ మధ్యయుగం నుంచీ యాత్రికులకు సీసపు బిళ్లలు, గవ్వలు అమ్మారు. వ్యాపారం ఈ వీధికి కొత్త కాదు.

మూడు చోట్ల ఆగండి. మొదటిది తిఫేన్ ఇల్లు. సేనాధిపతి బెర్త్రాన్ దు గెక్లాన్ 14వ శతాబ్దంలో భార్య తిఫేన్ కోసం కట్టించాడంటారు. ఆయన యుద్ధాలకు పోతే ఆమె ఇక్కడ నక్షత్రాలు లెక్కించేదట. రెండోది సాన్ పియేర్ చర్చి. ఊరివాళ్ల సొంత గుడి, గుమ్మం పక్కన జోన్ ఆఫ్ ఆర్క్ విగ్రహం. దాని పక్క శ్మశానంలోనే ఆమ్లెట్లతో పేరుపడ్డ సత్రం యజమానురాలు పూలార్ అమ్మ సమాధి ఉంది. మూడోది వీధికి అడ్డంగా, కమానులా దాటిన ఆర్టిచోక్ ఇల్లు. దాని కప్పుకు చెక్క పెంకులు. చాలా ఇళ్లు పాతవిగా కనిపించేలా తర్వాత కట్టినవే, ఇది మాత్రం అసలైన పాత ఇల్లు.

తిండి

అన్నెట్ పూలార్ 1888లో సత్రం తెరిచింది. యాత్రికులు ఏ సమయంలోనైనా వచ్చిపడేవారు. అందరికీ చప్పున పెట్టగలిగింది ఆమ్లెట్టు. రాగి గిన్నెలో గుడ్లను నురుగు తేలేలా చాలాసేపు గిలకొట్టి, కట్టెల పొయ్యి మీద పొడవాటి కాడ పెనంలో వేస్తారు. రాజద్వారం దగ్గర ఆ గిలకొట్టే చప్పుడు తాళం వేసినట్టు వినిపిస్తుంది. చూడడానికి డబ్బులక్కర్లేదు. తినాలంటే బయట పెట్టిన ధరల పట్టిక చదివి నిర్ణయించుకోండి.

మాంసాహారులు అడగాల్సింది ఉప్పుబీళ్ల గొర్రె మాంసం. చుట్టూ కనిపించే, పోటు నీరు తడిపే పచ్చిక మేసిన గొర్రెలవి. శాకాహారులకు బకవీట్ పిండితో వేసే గాలెట్ అనే పల్చటి అట్టు దిక్కు. చీజు, పుట్టగొడుగులతో అడగండి, హామ్ వద్దని మరీ మరీ చెప్పండి. అడగకపోతే వేసేస్తారు. పొదుపుగా పోవాలంటే రెన్‌లోనో పోన్‌టోర్సన్‌లోనో కొనుక్కొచ్చి గోడ మీద కూర్చుని తినడమే మేలు.

ఆరో అడుగు, ఓపిక ఉన్నవాళ్లకు: ఇసుక మీద

ఆటు వేళ దిబ్బ చుట్టూ నడిస్తే పడమటి పక్కన 1524 నాటి గాబ్రియేల్ బురుజు, వాయవ్య మూలన రాతిగుండు మీద ఒంటరిగా నిలబడ్డ సాన్ ఓబేర్ చిన్న గుడి కనిపిస్తాయి. పోటు పట్టిక చూసుకుని, చాలా గంటల వ్యవధి ఉంటేనే దిగండి. దిబ్బను ఆనుకునే నడవండి.

అఖాతం దాటడం వేరే సంగతి. జెనే ఊరి దగ్గర బెక్ దాందేన్ నుంచి దిబ్బకు ఆరేడు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, మోకాలి పైకి మడిచిన లాగులతో. గుర్తింపు ఉన్న గైడు లేకుండా ఒక్క అడుగూ వేయవద్దు. ఊబి ఇసుక పుక్కిటి పురాణం కాదు. 11వ శతాబ్దపు బాయూ ఎంబ్రాయిడరీలో హెరాల్డ్ దొర ఇదే అఖాతపు ఊబి నుంచి ఇద్దరు సైనికులను లాగుతుంటాడు, ఒకణ్ని వీపు మీద మోస్తూ. వెనక ఈ కొండే కుట్టి ఉంటుంది. గైడ్లు చిన్న ఊబిలో మిమ్మల్ని దింపి బయటికి రావడం నేర్పుతారు. నిలువుగా లాగకూడదు, కాలును మెల్లగా కదుపుతూ, మోకాలు వంచి బరువును పక్కకు పరిచి రావాలి.

రాత్రి ఉండాలా?

ఉండగలిగితే ఉండండి. గోడ లోపల గదులు తక్కువ, ధరలు ఎక్కువ. ఆనకట్ట దగ్గరి హోటళ్లు కాస్త నయం. సాయంత్రం ఏడు దాటాక, పొద్దున తొమ్మిదికి ముందు గోడ దాదాపు మీదే. జులై, ఆగస్టుల్లో రాత్రిపూట మఠాన్ని దీపాలతో తెరిచే కార్యక్రమాలూ ఉంటాయి.

మర్నాడు సగం రోజు మిగిలితే అవ్రాంష్ వెళ్లండి. ఇక్కడి సన్యాసులు రాసిన, సేకరించిన దాదాపు రెండు వందల చేతిరాత గ్రంథాలు విప్లవ కాలంలో అక్కడికి చేరి బతికిపోయాయి. సాన్-లో పట్టణానికి వెళ్లిన మఠపు దస్తావేజులు 1944 బాంబుదాడుల్లో కాలిపోయాయి. గ్రంథాలు ఉన్న ప్రదర్శనశాల నుంచి కొద్ది నడకలో సాన్ జెర్వే చర్చి. అందులో గాజు పెట్టెలో ఓబేర్ బిషప్‌దని చెప్పే పుర్రె ఉంది. పక్కకు వంగి చూడండి, వేలు పట్టేంత గుండ్రటి కన్నం కనిపిస్తుంది. చర్చి మధ్యాహ్నం మూసి ఉండవచ్చు, వెళ్లేముందు వేళలు కనుక్కోండి.